ఎక్స్‌టెండ్ చేసిన బస్సు

ఎవరైనా నా ముందు ‘ఎక్స్‌టెండ్ చేస్తున్నాం’ అన్నారంటే నాకు వెంటనే అనుమానం పుడుతుంది. ఎవరి కోసం, ఎవరిది తీసి, ఎందాక అని అడగకుండా ఉండలేను. బడిలో ఇంగ్లిషు చెప్పి బతుకుతున్నాను. ఆ క్రియను బోర్డు మీద రాసి, పొడిగించడం అని తెలుగు చెప్పి, రెండు వాక్యాలు రాయించి ముందుకు పోతే ఎవరూ అడగరు. కానీ అక్కడికొచ్చేసరికి నా నోరు ఊరుకోదు. "ఈ మాట ఎవరన్నా అన్నప్పుడు పక్కన నిలబడ్డోళ్ళ ముఖాలు చూడుండ్రి" అంటాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళకింకా ఆ మాటతో పని పడలేదు.

మా దిక్కు పొడిగించడం అనే మాట పుస్తకాల్లోనే ఉంటుంది. మనుషుల నోట్లో ఉండేది ఎక్స్‌టెండే. ఫీజు కట్టే గడువు ఎక్స్‌టెండ్, కాంట్రాక్టు ఎక్స్‌టెండ్, పక్కింటాయన అరుగు ఎక్స్‌టెండ్. ఆయన అరుగు బజాట్లోకి వచ్చాక మా బాపు బండి మలుపుకునే జాగా పోయింది. ఇదేందయ్యా అని అడిగితే "జరంత ఎక్స్‌టెండ్ చేసిన, గంతే" అన్నాడు. అదే మాట తెలుగులో చెప్పాల్సి వస్తే కాస్త సిగ్గుపడేవాడేమో. ఇంగ్లిషులో చెప్పాడు కాబట్టి దర్జాగా చెప్పాడు.

నాకు ఆ మాట మీద ఇంత కక్ష పట్టడానికి అసలు కారణం మా ఊరి బస్సు.

మా ఊరు కట్టంగూర్ దాటాక పెద్దరోడ్డు వదిలి లోపలికి రావాలి. బస్సుకు మాదే ఆఖరు ఊరు. దీపాలు పెట్టే వేళకు వచ్చి, పంచాయతీ ఆఫీసు ముందు ఆగి, తెల్లారి మొదటి ట్రిప్పుకు మా దగ్గరే బయలుదేరేది. డ్రైవరూ కండక్టరూ పంచాయతీ వరండాలో పడుకునేవాళ్ళు. వాళ్ళకు రాత్రి బువ్వ ఊళ్ళో వంతుల ప్రకారం ఒక్కో ఇంటి నుంచి. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కానీ ఎవరి వంతు వాళ్ళు తప్పేవాళ్ళు కాదు. బస్సు మన ఊళ్ళో నిద్రపోతుందంటే ఆ మర్యాదే వేరు. బస్సు లేని ఊళ్ళవాళ్ళతో మా వాళ్ళు మాట్లాడే తీరు చూడాలి, విమానాశ్రయం ఉన్నట్టే మాట్లాడేవాళ్ళు.

ఆ బస్సులో మా అమ్మకు ఒక జాగా ఉండేది. డ్రైవర్ సీటుకు వెనక, మొదటి సీటుకు ముందు, రెండు గంపలు పట్టేంత ఖాళీ. అమ్మ ఆకుకూరలు అమ్మేది. పొద్దుగూకే వేళ కోసిన కొత్తిమీర, పుదీన, పుంటికూర కట్టలు కట్టి, తడి గోనె కింద పెట్టి, తెల్లవారుజామున మొదటి బస్సులో నార్కట్‌పల్లి తీసుకుపోయేది. అక్కడ రోడ్డు పక్కన హోటళ్ళవాళ్ళు పొద్దున్నే పొయ్యి వెలిగించే వేళకు ఆకు కావాలి. కాస్త ఆలస్యమైతే ఇంకెవరి దగ్గరో కొనుక్కుంటారు. వాడితే ముట్టుకోరు. ఆ బస్సులో ఇంజన్ లోపలే, డ్రైవర్ పక్కన పెట్టెలాగా ఉంటుంది, దాని మీద గంప పెడితే ఆకు ఉడికిపోతుంది. అందుకని డ్రైవర్ వెనక జాగా దొరకడమే అమ్మ వ్యాపారం. ఆ జాగా ఉంటే మా ఇల్లు నడిచేది.

ఆ జాగాలో అమ్మకు తోడు ఇంకొకామె ఉండేది. నేను ఆమెను పెరుగత్త అనేదాన్ని. బర్లు ఉన్న ఇల్లు వాళ్ళది. స్టీలు బిందె నిండా పెరుగు తోడేసి, మూతికి గుడ్డ కట్టి, అదే బస్సులో తీసుకుపోయి నార్కట్‌పల్లిలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. అమ్మ గంపలకూ ఆమె బిందెకూ ఆ జాగా సరిగ్గా సరిపోయేది. ఇద్దరూ ఒకరినొకరు వదినె అని పిలుచుకునేవాళ్ళు. చుట్టరికం ఏమీ లేదు, బస్సు కలిపిన వరస. ఎవరు ముందొస్తే వాళ్ళు రెండో ఆమె కోసం దస్తీ పరిచి పెట్టేవాళ్ళు. ఇంట్లో బాపుతో చెప్పని మాటలు కూడా అమ్మ ఆమెతో చెప్పేదని నాకు తెలుసు.

ఒకనాడు బువ్వ వంతు మాది. కండక్టర్ తింటూ తింటూ, వానల సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఇగ బస్సును మీది ఊరిదాంక ఎక్స్‌టెండ్ చేస్తరట. డిపోల అనుకుంటుండ్రు."

మీది ఊరు అంటే ఎగువ ఊరు, మా ఊరి మీదుగా ఇంకా కోసెడు దూరం పోతే గుట్ట పక్కన వచ్చే ఊరు. అక్కడివాళ్ళు అప్పటిదాకా నడిచి వచ్చి మా ఊళ్ళో బస్సెక్కేవాళ్ళు.

"ఏం జేస్తరంట బిడ్డా?" అని బాపు నా వైపు చూశాడు. ఇంట్లో ఇంగ్లిషు ఎప్పుడొచ్చినా నా ఖాతాలోకే.

"పొడిగిస్తరంట బాపు. మన దగ్గర ఆగకుండ మీది ఊరిదాంక పోతది."

"పోనీ, మంచిదే గదా. ఆళ్ళకు కాళ్ళ నొప్పులు తగ్గుతయి" అన్నాడు బాపు. బాపు దేనికైనా ముందు మంచిదే అంటాడు, అనుమానం తర్వాత నింపాదిగా వస్తుంది. అమ్మకు అనుమానం ముందే వస్తుంది. గరిటె పట్టుకుని అక్కడే నిలబడింది.

"పొద్దుగాల మొదలు ఎవరెక్కుతరు?"

"ఆడనే నైట్ హాల్టు అయితదమ్మా. ఆళ్ళే ఎక్కుతరు మొదలు."

"మరి నా జాగ?"

కండక్టర్ ఆమె ముఖం చూడలేదు. పళ్ళెంలోకి చూస్తూ "చారు జర పొయ్యమ్మా" అన్నాడు.

అమ్మ చారు పోసింది. పెరుగు మాత్రం వెయ్యలేదు. ఆయన కూడా అడగలేదు. అడిగే ముఖం ఎక్కడిది?

మర్నాటి నుంచి ఊరంతా ఒకటే గుసగుస. డిపోలో కూర్చున్నవాళ్ళకు మీది ఊరు కలలోకి వచ్చిందా? ఎవరో అడిగితేనే కదా? అడిగిందెవరు? మీది ఊరివాళ్ళు డ్రైవర్‌కు నాటుకోడి తినిపించారని ఒకరు, కల్లు పోయించారని ఇంకొకరు. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు, నమ్మనివాళ్ళూ ఒక్కరూ లేరు. బస్సు ఎక్కడికి పోవాలో డ్రైవర్ కండక్టర్లు తేల్చరని నేను చెబితే "నీకు దెల్వదు ఊకో" అన్నారు. ఇంకేం, మా ఊరివాళ్ళు కూడా మొదలుపెట్టారు. వంతు వచ్చిన ప్రతి ఇంట్లో గుడ్లు, కోడికూర, గారెలు. నిన్నటి ఇల్లు ఏం పెట్టిందో కనుక్కుని దాని మీద ఒకటి ఎక్కువ పెట్టేవాళ్ళు. వారం తిరక్కుండానే డ్రైవర్‌కు కడుపు చెడింది, ఒకరోజు బస్సు బాగా పొద్దెక్కి కదిలింది. అది కూడా మీది ఊరివాళ్ళ పనే అన్నారు. మందు పెట్టారట. మా ఊరి గారెల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

అమ్మకు మాత్రం కోడి మీదా కల్లు మీదా ధ్యాస లేదు. ఆమె చూపు ఒక్క మనిషి మీదే నిలిచింది. పెరుగత్త పుట్టిల్లు మీది ఊరు. ఆమె తమ్ముడు అక్కడ వార్డు మెంబరు. అంతకు కొన్నాళ్ళ ముందే పెరుగత్త ముత్యాలమ్మ పండుగకని పుట్టింటికి పోయి వచ్చింది.

"పండుగ పేరు జెప్పి మీటింగుకు పొయ్యొచ్చింది" అంది అమ్మ, పుదీన కట్టలు కడుతూ.

"అమ్మా, పండుగ నిజంగనే అయింది గదనే. బోనం ప్రసాదం తెచ్చిచ్చింది గద మనకు."

"గందుకే తెచ్చింది. అనుమానం రావద్దని."

అనుమానం పట్టినవాళ్ళకు ప్రసాదం కూడా సాక్ష్యమే. నేను అప్పుడు అమ్మను తప్పు పట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ లోలోపల అట్లాగే అనిపించింది. పెరుగత్త తమ్ముడు డిపోకు పోయి వచ్చాడని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ సంగతి పెరుగత్తకు తెలియకుండా ఉంటుందా?

కొన్నాళ్ళకు డిపో నుంచి జీపులో ఇద్దరు వచ్చి రోడ్డు చూశారు. మా బాపుకు అప్పటికి అనుమానం బాగా ముదిరింది. వాళ్ళ వెంటపడి మీది ఊరి రోడ్డు మీద ఉన్న ప్రతి గుంతా చూపించాడు. "గీడ చూడు సార్, గీడ ఎడ్లబండే కూలవడ్డది" అని, ఎప్పుడూ కూలని బండిని కూడా కూల్చాడు. వాళ్ళు తలలు ఊపి, నీళ్ళు తాగి పోయారు. పోయేముందు ఒకాయన నవ్వుతూ "రోడ్డు మంచిగనే ఉన్నది పెద్దాయనా" అన్నాడట. బాపు ఆ మాటను మాకు మూడు రోజుల తర్వాత చెప్పాడు.

అప్పుడు వరికోతల కాలం. మా దగ్గర వడ్లు ఆరబోసేది తారు రోడ్డు మీదే, అందరికీ తెలిసిందే. మామూలుగా సగం రోడ్డు వదిలి, అంచుకు రాళ్ళు పేర్చి పోస్తారు. ఆ ఏడు మా ఊరివాళ్ళు మీది ఊరికి పోయే రోడ్డు మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోశారు. బస్సు వడ్లు తొక్కదు, తొక్కితే రైతులు ఊరుకోరు, డిపోవాళ్ళు విసిగి మానుకుంటారు. ఇదీ ఆలోచన. ఎవరి బుర్రలో పుట్టిందో గానీ అందరూ ‘నాదే’ అన్నారు.

ట్రయల్ బస్సు వచ్చింది. వడ్ల ముందు ఆగింది. డ్రైవర్ దిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. మావాళ్ళు చెట్ల కింద కూర్చుని, మాకేం తెలుసన్నట్టు బీడీలు కాలుస్తున్నారు. ఇంతలో మీది ఊరి నుంచి ఆడవాళ్ళూ మగవాళ్ళూ చీపుర్లు, గంపలు, పరదాలు పట్టుకుని వచ్చారు. కొట్లాట అవుతుందని మావాళ్ళు లేచి నిలబడ్డారు. వాళ్ళు ఒక్క మాట అనలేదు. వడ్లన్నీ ఊడ్చి, రోడ్డు పక్కన శుభ్రంగా కుప్పలు పోసి, మబ్బు పట్టి ఉందని పరదాలు కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, బస్సెక్కి పోయారు.

"ఎన్ని గంపలు ఆళ్ళ ఇండ్లకు పోయినయో" అన్నాడు బాపు. పోయి కొలిచి చూసుకుంటే గింజ తగ్గలేదు.

"తగ్గలేదంటేనే ఏదో ఉన్నది" అన్నాడు.

ఆ సాయంత్రమే బోరింగు దగ్గర అమ్మ పెరుగత్తను పట్టుకుంది. నేను బిందె పట్టుకుని వెనకే ఉన్నాను.

"మంచిగ చేసినవు వదినె. నీ పుట్టింటోళ్ళకు బస్సు తోలిచ్చినవు. ఇగ నీకేం ఫికర్? అమ్మగారింటికాడ ఎక్కి, నా జాగల కాళ్ళు సాపుకొని కూసో."

పెరుగత్తకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది.

"నా పిల్లల మీద ఒట్టు వదినె, నాకు దెల్వదు. మా తమ్ముడు నాకు చెప్పలే."

"ఒట్లు ఎవరన్న పెడ్తరు."

బోరింగు దగ్గర ఉన్న ఆడవాళ్ళంతా వింటున్నారు. పెరుగత్త సగం నిండిన బిందెను అట్లాగే ఎత్తుకుని పోయింది. తర్వాత బస్సు దగ్గర అమ్మ ఎడమవైపు, ఆమె కుడివైపు. దస్తీలు ఎవరివి వాళ్ళవే. ఇదేం పద్ధతని అమ్మతో అంటే "నువ్వు గూడ ఆమె దిక్కేనా?" అంటుందని ఊరుకునేదాన్ని.

పండుగలూ ముహూర్తాలూ ఏవీ చూడకుండా ఒకరోజు బస్సు మీది ఊరికి పోయింది. ఆ రాత్రి పంచాయతీ ముందు జాగా బోసిపోయింది. తెల్లవారి అమ్మ గంపలతో మా స్టేజీ దగ్గర నిలబడింది. బస్సు వచ్చింది. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా అయిన కాలం కదా, మీది ఊరు మొత్తం అందులోనే ఉన్నట్టుంది. డ్రైవర్ వెనక జాగాలో ఎవరివో మూటలు. అమ్మ ఎట్లాగో ఎక్కింది. గంపలకు ఇంజన్ పైనే చోటు దొరికింది.

నార్కట్‌పల్లిలో దిగేసరికి కొత్తిమీర తలవాల్చేసింది. రోజూ ఆకు తీసుకునే హోటల్ వంటాయన ఒక కట్ట ఎత్తి వాసన చూసి, "గిదేందక్కా, ఉడకబెట్టి తెచ్చినవా?" అన్నాడు. ఆ రోజు జాలిపడి కొంత తీసుకున్నాడు. తర్వాతి రోజులూ అంతే. కొన్నిసార్లు బస్సు ఆపలేదు కూడా. ఆటో మాట్లాడుకుంటే ఆకు మొత్తం ఆటోవాడికే ఇచ్చి రావాలి. చివరికి వంటాయన చెప్పేశాడు: "అక్కా, నువ్వంటే గౌరవమే. రేపు గూడ గిట్లనే ఉంటే వేరేటోళ్ళను చూసుకుంట. నాకూ మేనేజర్ ఉన్నడు."

అమ్మ ఇంటికి వచ్చి వాడిన ఆకును మేకలకు వేసింది. కూర్చుని చాలాసేపు వాటిని చూసింది. "తినుండ్రి, మీ నసీబు మంచిగున్నది" అని వాటిని తిట్టింది. ఆమె ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. సాయంత్రం మళ్ళీ మడికి పోయి ఆకు కోసింది.

"రేపు మీది ఊరికి నడిచి పోత. ఆడనే ఎక్కుత" అంది.

నాకు సెలవులు. ఒక గంప నేను ఎత్తుకున్నాను. ఇంకా సరిగ్గా వెలుగు రాకముందే బయలుదేరాం. ఆ రోడ్డు మీద నేను అంతకుముందు నడవలేదు. ఎందుకు నడుస్తాను, మాది బస్సున్న ఊరు! ఎత్తు ఎక్కుతూ పోతుంది ఆ తొవ్వ. గంప నెత్తిన ఉంటే ఆ ఎత్తు ఇంకా తెలుస్తుంది. తడి గోనె నుంచి నీళ్ళు మెడ మీదికి కారుతున్నాయి. మీది ఊరి ఆడపిల్లలు కాలేజీకి పోవడానికి ఈ తొవ్వనే మా స్టేజీకి వచ్చేవాళ్ళు. కాళ్ళ నిండా దుమ్ముతో ఆలస్యంగా వచ్చి నిలబడి ప్రయాణం చేసేవాళ్ళు. "జర ముందుగాల బయలెల్లాలె బిడ్డా, సీట్లు ఏడికెళ్ళొస్తయి?" అని అమ్మ వాళ్ళకు బుద్ధి చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. ఆ పొద్దున అమ్మ రెండుసార్లు గంప దించి ఊపిరి పీల్చుకుంది. "ఇంత దూరమానే?" అంది ఒకసారి, నాతో కాదు, తనలో తాను.

మీది ఊరి స్టేజీ దగ్గర అప్పటికే మంది ఉన్నారు. మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. ఒక ముసలామె నా భుజానికి ఉన్న సంచీని, అందులోంచి కనిపిస్తున్న పెన్నునూ చూసి సూటిగా అడిగింది.

"మంది ఎక్కుతలేరని రాసుకపోనీకి వచ్చిండ్రా?"

వీళ్ళకూ అనుమానమే! మా ఊరి నుంచి ఎవరొచ్చినా బస్సు తీయించడానికే వస్తారని వాళ్ళ నమ్మకం. వడ్లు పోసినవాళ్ళం కదా, ఎట్లా నమ్ముతారు? నాకు ఒళ్ళు మండింది, సిగ్గూ వేసింది, రెండూ ఒకేసారి.

"ఆకు అమ్మనీకి పోతున్నమవ్వా. రాసుడు గీసుడు ఏం లేదు" అన్నాను.

అంతలో ఒక చిన్నామె ముందుకు వచ్చి అమ్మను పరీక్షగా చూసింది. పెరుగత్త తమ్ముడి భార్య అని తర్వాత తెలిసింది.

"మీరు మా ఆడిబిడ్డె ఊరోళ్ళు గదా? పెరుగమ్ముతది. ఆమె రాలేదా?"

అమ్మ గంప సర్దుకుంటూ తల అడ్డంగా ఊపింది.

"ఎన్నిసార్లు రమ్మన్ననో. గీడ ఎక్కు వదినె, బిందెకు జాగ దొరుకుతది అంటే వినదు. పెరుగు పులిసిపోతాంది, ఊళ్ళెనే అగ్గువకు పోసుకుంటాంది. ఎవరో ఏదో అన్నరట. నేను ఆడ ఎక్కితే ఆ మాట నిజమైతది, ఎక్కనంటే ఎక్కనని కూసున్నది. ఎవరన్నరో గూడ చెప్పదు."

అమ్మ గోనె తీసి, ఆకు తడి చూసి, మళ్ళీ కప్పింది. మళ్ళీ తీసి చూసింది. ఆ చిన్నామె ముఖంలోకి నేను ఎన్నిసార్లు చూశానో! తెలిసే అంటోందా, తెలియక అంటోందా? నాకు అంతు పట్టలేదు. బస్సు తలుపు తెరుచుకుంది. అందరికంటే ముందు ఎక్కమని జనం అమ్మకు దారి ఇచ్చారు, పెద్దామె, బరువుతో ఉందని. డ్రైవర్ వెనక జాగా ఖాళీగా ఉంది. అమ్మ గంపలు పెట్టుకుని పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళ తర్వాత ఆమెను అక్కడ చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది.

మా ఊరు వచ్చేసరికి బస్సు కిక్కిరిసింది. డ్రైవర్ వేగం తగ్గించాడు కానీ ఆపలేదు. కండక్టర్ తలుపులోంచి "జాగ లేదు, ఎనక బస్సుకు రాండ్రి" అని అరిచాడు. స్టేజీలో అందరికంటే ముందు పెరుగత్త నిలబడి ఉంది, చంకలో బిందెతో. అమ్మ సరిగ్గా కిటికీ పక్కన ఉంది. ఇద్దరూ చూసుకున్నారు. అమ్మ చెయ్యి గంప మీద పడింది. గంపను కాస్త జరిపితే బిందెకు చోటు వస్తుంది, ఆ లెక్క ఆ ఇద్దరికీ తెలిసినంత ఎవరికీ తెలియదు. అమ్మ "ఆపు" అనడానికి నోరు తెరిచింది. అప్పటికే బస్సు ముందుకు పోయింది. స్టేజీలోంచి ఎవరిదో మగగొంతు: "ఓహో, ఆడికెళ్ళి ఎక్కొస్తున్నవా! గిదా సంగతి!" అని నవ్వింది.

అమ్మ నార్కట్‌పల్లి దాకా తల ఎత్తలేదు. కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. అడిగితే దుమ్ము పడింది అంది. కిటికీని మా స్టేజీ దాటగానే ఆమే మూసేసింది.

ఆ రోజు ఆకు నిగనిగలాడుతూ ఉంది. హోటల్ వంటాయన కట్టలన్నీ తీసుకుని "గిట్ల తేవాలె అక్కా, రేపటి సంది రోజూ తే" అన్నాడు. ఖాళీ గంపలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని మధ్యాహ్నం బస్సెక్కాం. ఇంత మంచి బేరమైన రోజున అమ్మ నాకు ఎప్పుడూ మిర్చీ బజ్జీలు కొనిపెడుతుంది. ఆ రోజు ఆమెకు గుర్తు లేదు, నేనూ అడగలేదు.

మా స్టేజీ దగ్గర పడుతుండగా షెడ్డు కింద పెరుగత్త కనిపించింది. బిందె ముందు పెట్టుకుని ఎవరికో గ్లాసుతో పెరుగు పోస్తోంది. కండక్టర్ "దిగుండ్రి దిగుండ్రి" అంటున్నాడు. నేను లేచాను. అమ్మ లేవలేదు.

"నువ్వు దిగు. నేను ముందటికి పోత" అంది.

"ముందటికేంది? ఊరొచ్చింది గదనే."

"ఆడ దిగి నడిచొస్త. నువ్వు దిగు, నీకు దండం పెడ్త."

పొద్దున ఎక్కిన ఎత్తంతా ఇప్పుడు ఎండలో దిగి రావాలి. చెప్పినా వినదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. నేనొక్కదాన్నే దిగాను. బస్సు అమ్మను తీసుకుని మా ఊరు దాటింది.

పెరుగత్త నన్ను చూసింది. వెళ్ళిపోతున్న బస్సునూ చూసింది. తప్పించుకుని ఇంటివైపు తిరిగాను.

"బిడ్డా" అని పిలిచింది. ఆగాను.

"మీ అమ్మకు జాగ దొరికిందా పొద్దుగాల, డ్రైవర్ ఎనక?"

ఎత్తిపొడుపేమోనని ఆమె ముఖమంతా వెతికాను. కళ్ళలో, పెదాల చివర, ఎక్కడన్నా దొరుకుతుందేమోనని వెతికాను. ఏమీ లేదు.

"దొరికింది అత్తా."

"ఆకు వాడలేదు గదా?"

"వాడలేదు."

"మంచిగాయె" అంది ఆమె. పులిసిన పెరుగు ఇంకా సగం బిందె ఉంది. మూతికి గుడ్డ కట్టి, బిందె చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.